గాలి దూరని ఇల్లు

ఇల్లు ఊపిరి పీల్చుకోవాలని బోధించేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. గణేశన్ ఉండే ఈ సముద్రతీరపు ఊరు బాగన్ దాతుక్‌లో మరీ ఎక్కువ. పాత చెక్క ఇళ్ళ గొప్పతనం గురించి వాళ్ళు ఎంతసేపైనా చెబుతారు. ఆ ఇళ్ళ పలకల సందుల్లోంచి పొరుగింటి కూర వాసనతో పాటు పొరుగింటి తగాదా కూడా లోపలికి వస్తుందన్న సంగతి మాత్రం చెప్పరు. గణేశన్‌కి ఈ బోధ వింటే ఒళ్ళు మండేది.

“ఇల్లు ఊపిరి పీల్చక్కర్లేదు. మా ఇందిర పీలిస్తే సాలు,” అనేవాడు.

ఇందిర ఆయన భార్య. ఆవిడకి ఉబ్బసం. మామూలు రోజుల్లో అది ఎవరికీ గుర్తుండదు, ఆవిడ గొంతు అంత గట్టిది. కానీ జలసంధికి అవతల అడవులూ తోటలూ తగలబెట్టే కాలంలో జెరెబు, అంటే ఊళ్ళ మీద కమ్ముకునే పొగ, వస్తుంది. ఆకాశం పాత అల్యూమినియం గిన్నె రంగుకి తిరుగుతుంది, కొబ్బరి చెట్ల తలలు కనబడవు, రేడియోలో మాస్కులు పెట్టుకోమంటారు. ఆ పొగ పలకల సందుల్లోంచి ఇంట్లోకి వచ్చి తీరిగ్గా కూర్చుంటుంది. అప్పుడు ఇందిర ఛాతీలోంచి సన్నగా ఈల మొదలవుతుంది. ఆవిడ బట్టలు సర్దుకుని సైబర్‌జయలో ఉద్యోగం చేసే చెల్లెలు మలర్ దగ్గరికి వెళ్ళిపోతుంది. వెళ్ళిన ప్రతిసారీ తిరిగి రావడం ఆలస్యమవుతూ వచ్చింది. కిందటేడు వచ్చాక గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది.

“మావా, ఇంకోపాలి ఎల్తే నాను మళ్ళీ రాను. నువ్వు సెడ్డోడివని కాదు. ఈ ఇంట్లో నా పేనం ఆడదు. నీకు నా మీద బెంగొస్తే బండేసుకుని నువ్వే రా, సేపల పులుసు తెచ్చుకో.”

గణేశన్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఇందిర లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకి అనుభవమే. గోడలు ఉంటాయి, టీవీ ఉంటుంది, అమ్మ నూకమ్మ ఉంటుంది. మాట్లాడితే తిరిగి తిట్టే మనిషి ఉండదు. నూకమ్మ కూడా తిడుతుంది గానీ అది వేరే రకం, దానికి సమాధానం చెప్పకూడదు.

ఇప్పుడు ఆయన చేసిన పని అర్థం కావాలంటే ఆయన వృత్తి తెలియాలి. గణేశన్ మొన్నమొన్నటిదాకా చేపల లారీ నడిపాడు. జెట్టీలో ఐసులో పెట్టిన చేపల్ని ఎక్కించుకుని క్లాంగ్ మార్కెట్‌లో దించడం ఆయన పని. జీవితంలో ఆయన పూర్తిగా నమ్మిన శాస్త్రం ఒక్కటే, లారీ వెనక ఉన్న పెట్టె. మందపాటి గోడ, గోడ లోపల వేడిని ఆపే సరుకు, అతుకు ఎక్కడా తెరుచుకోకుండా పట్టీ, తలుపు చుట్టూ రబ్బరు. నడిమధ్యాహ్నం క్లాంగ్ చేరి తలుపు తీస్తే చేప కన్ను ఇంకా నిగనిగలాడుతూ ఉండేది. చచ్చిన చేపకి ఇంత రాజభోగం, బతికున్న భార్యకి పొగా? ఆ ప్రశ్న పుట్టాక ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు.

ఇలాంటి ఇళ్ళకి పట్నాల్లో పెద్ద పేర్లున్నాయి. వాటి మీద సెమినార్లు పెట్టి, అందరూ చలికి స్వెటర్లు వేసుకునేంత ఏసీలో కూర్చుని, భూగోళం గురించి బాధపడతారు. గణేశన్‌కి భూగోళాన్ని కాపాడే ఉద్దేశం ఏ కోశానా లేదు. ఆయన కాపాడదలచింది ఒక్క ఆడమనిషిని.

పాత ఇంటి పక్క జాగాలో కట్టడం మొదలుపెట్టాడు. మనిషి నిలబడి తిరిగేంత ఎత్తున చెంగల్ చెక్క స్తంభాలు పాతి, వాటి మీద మెరంతి కలపతో చట్రం నిలబెట్టాడు. చట్రం సందుల్లో వేడిని ఆపే రాతిదూది, రాక్‌వూల్ కుక్కాడు. అది చూడ్డానికి మెత్తటి పరుపులా ఉంటుంది, ఒంటికి తగిలితే దురదగుండాకు. అందుకని మెడనుంచి మోకాళ్ళదాకా ఇందిర పాత నైటీ తొడుక్కుని పనిచేశాడు. పూల నైటీలో, మూతికి మాస్కుతో, నిచ్చెన మీద నిలబడ్డ మీసాల మనిషిని చూసి పోస్ట్‌మాన్ ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి పోయాడు.

చట్రం మీద బయటివైపు గాలి ఆపే పొర చుట్టాడు. అతుకుల మీద టేపు, మేకు దిగిన ప్రతిచోటా సిలికోన్. కిటికీలకి అద్దాలు బిగించేశాడు, అవి తెరుచుకోవు. తెరుచుకునే కిటికీ అంటే ఆయన దృష్టిలో బెజ్జానికి మర్యాదగా పెట్టిన పేరు. గుమ్మానికి అడ్డంగా ప్లాస్టిక్ గుడ్డ కట్టుకుని, గాలి గట్టిగా వీచే రోజు చూసి, లోపల గోడ గోడకీ చెంప ఆనించి ఎక్కడైనా చల్లగా తగులుతోందేమో వెతికేవాడు. వరండా కిటికీ అద్దంలోంచి నూకమ్మ చూసింది.

“ఒలే ఇందిరా! నీ మొగుడు గోడని ముద్దెట్టుకుంటన్నాడే!”

“ఎట్టుకోనీ అత్తా. నాకైతే గెడ్డం గుచ్చుకుంటాది, గోడకేటి.”

పొరుగింటి కిషేన్‌కి వేరే అనుమానం వచ్చింది. ఈ తీరంలో తెరుచుకునే కిటికీల్లేని ఎత్తైన కట్టడం కనబడితే జనం అది పిట్టల ఇల్లే అనుకుంటారు. వలిత్ అనే పిట్టలు చీకటి గదుల్లో ఎంగిలితో గూడు కడతాయి. ఆ గూళ్ళు సూపులోకి పోతాయి, వాటికి మంచి గిరాకీ. పిట్టల్ని పిలవడానికి స్పీకర్లో పిట్టకూత పెడతారు, ఊరంతటికీ నిద్ర ఉండదు.

“అణ్ణా, స్పీకర్ ఏ పక్కకి పెడతావు? మా పక్కకి వద్దు లా,” అన్నాడు కిషేన్ కంచె మీదనుంచి, ఆ ఊరి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి.

“ఇది పిట్టలకి కాదురా. మీ వొదినకి.”

కిషేన్ కట్టడాన్ని ఒకసారీ గణేశన్‌ని ఒకసారీ చూశాడు. “వొదినకి స్పీకర్ అక్కర్లేదు లే,” అని లోపలికి పోయాడు.

తలుపు అన్నిటికన్నా ఆఖర్న బిగించాడు. ఆయన నడిపిన లారీని తుక్కుకి పంపినప్పుడు దాని వెనక తలుపు అడిగి తెచ్చుకున్నాడు. చెయ్యంత మందం, చుట్టూ రబ్బరు, మీద నీలిరంగు చేప బొమ్మ. ఇనుప మీట తిప్పితే థప్‌మని మెత్తగా మూసుకుంటుంది. గణేశన్ గుమ్మం బయట వరండాలో నిలబడి దాన్ని మూసీ తెరిచీ, మూసీ తెరిచీ మురిసిపోయాడు. ఇందిర వచ్చి గోడ మీద వేలితో కొట్టి చూసింది. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

“ఒక్క జెరెబు సూస్తాను. ఇందులో నాకు ఊపిరాడితే ఉంటాను. ఆడకపోతే నీ పెట్టె నీది, నా పెట్టె నాది,” అంది.

ఇక గృహప్రవేశం. ఇంట్లో హోమం జరగాలని నూకమ్మ పట్టుబట్టింది.

“ఇంట్లోనా? అమ్మా, ఇది పొగ రాకుండా కట్టిన ఇల్లే. లోపల పెడితే ఆ పొగ బయటకీ పోదు.”

“అది పొగ కాదురా, హోమం.”

“పొగకి కులగోత్రాలుండవమ్మా. ఇందిర ఛాతీలోకి ఎల్తే అదీ పొగే.”

“నెయ్యి పొగ మంచిదిరా. మందురా అది.”

“మందైతే మాత్తర్లాగ ఇయ్యి, మింగుద్ది.”

నూకమ్మ మొహం అటు తిప్పుకుని చచ్చిపోయిన మొగుడితో మాట్లాడ్డం మొదలుపెట్టింది. హోమం లేని ఇంట్లో తాను అడుగుపెట్టనని, తన కొడుకు చేపల పెట్టెలో కాపురం పెడుతున్నాడని ఆయనకి ఫిర్యాదు చేసింది. ఈ సంభాషణలో గెలిచినవాళ్ళు ఆ కుటుంబంలో ఎవరూ లేరు.

దారి చూపించినవాడు పూజారి తినగరన్. తమిళుడు, మోటార్‌సైకిల్ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఆ రోజు ఆయనకి ఇంకో రెండిళ్ళలో పని ఉంది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, స్తంభాల మధ్య ఖాళీ చూసి, “కింద పెట్టేద్దాం. ఇంటి అడుగూ ఇల్లేకదా. దేవుడికి మెట్లు ఎక్కడం కష్టమా ఏం?” అన్నాడు.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఇందిర పైన తలుపేసుకుని కూర్చుంటుంది, హోమం కింద నేల మీద జరుగుతుంది. కానీ నూకమ్మకి కొంగుముడి గుర్తొచ్చింది. దంపతుల కొంగులు కలిపి ముడివేయకుండా హోమం ఎలా చేస్తారు? మొగుడు కిందా పెళ్ళాం పైనా ఉంటే ముడి ఎక్కడ పడుతుంది?

తినగరన్ గడియారం చూసుకున్నాడు. “కయిరు పోదుం,” అన్నాడు. తాడు చాలట. పసుపు రాసిన తాడు ఒక కొస ఈయన కండువాకి, ఇంకో కొస ఆవిడ కొంగుకి.

“తాడు పైకెలా ఎల్తాది?” అన్నాడు గణేశన్. అడుగుతుండగానే ఆయనకి జవాబు తెలిసి, మొహం పాలిపోయింది.

తన చేతులతో అతికిన నేల అది. మోకాళ్ళు కాయలు కాచేలా టేపు వేసిన నేల. దానికి ఆయనే డ్రిల్లుతో కన్నం పెట్టాడు. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాడు. తాడు దూర్చి, పైకి వెళ్ళి, కొస ఇందిర కొంగుకి కట్టి, ఒక్క పొగ నలుసు కూడా రాకుండా కన్నం చుట్టూ సిలికోన్ పిండాడు. తృప్తి కలగక ఇంకా పిండాడు. ట్యూబు అయిపోయేదాకా పిండి, బయటికొచ్చి మీట తిప్పాడు. థప్.

హోమం మొదలైంది. నెయ్యి పడింది, మంట లేచింది, పక్కన సెల్‌ఫోన్లో నాదస్వరం మోగుతోంది. చెల్లెలు మలర్ సైబర్‌జయ నుంచి వచ్చి, కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఫోటోలు తీస్తోంది. తినగరన్ “స్వాహా” అన్న క్షణాన గణేశన్ భుజం మీద కండువా చిన్నగా కదిలింది. పైనుంచి తాడు లాగారు.

గణేశన్ మనసు కరిగిపోయింది. పైన ఒక్కతే కూర్చుని కూడా మంత్రానికి మంత్రం అందుకుంటోంది! ఆయన కూడా మెల్లిగా తాడు లాగి జవాబిచ్చాడు. పైనుంచి రెండుసార్లు లాగారు.

“సూసినావా, నా కోడలికెంత బక్తో!” అంది నూకమ్మ గర్వంగా.

మళ్ళీ స్వాహా. ఈసారి భక్తి బాగా పెరిగింది. కండువా భుజం వదిలి పైన నేల అడుగు చెక్కకి అంటుకుంది. దాన్ని ఒడిసిపట్టుకున్న గణేశన్ పీట మీదనుంచి లేచిపోయాడు. తాడు ఆగకుండా కుదుపుతోంది. పైన కాలితో తన్నుతున్న చప్పుడు దూరంగా, పక్క ఊళ్ళో ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినబడింది. అప్పటికి గాని ఆయనకి వెలగలేదు. గోడ నిండా రాక్‌వూల్. లోపల ఎంత అరిచినా బయటికి వినబడదు.

మెట్లెక్కి మీట తిప్పాడు. తలుపు తెరుచుకోగానే ఇందిర ఆయన మీద పడింది. చెమటతో తడిసిపోయి ఉంది, ఒక చేతిలో మందు పీల్చే స్ప్రే, ఛాతీలో ఈల. రెండుసార్లు పీల్చి, వరండా కర్ర పట్టుకుని, కిందనుంచి హోమం పొగ లేస్తుంటే మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచింది. కంగారుగా ఆయన వెనకాలే. కొంగుకి తెగిన పసుపు తాడు వేళ్ళాడుతోంది.

“పొగొచ్చిందా? నేల్లోంచి పొగొచ్చిందా?”

“పొగ రాలేదు మావా.” ఆవిడ ఒక్కొక్క మాటా ఊపిరి కూడదీసుకుని అంది. “నీ పొగ రాలేదు. నువ్వెట్టిన ఆ బంక కంపు పట్టేసినాది. గాలి లేదు. కిటికీ తెరుద్దారంటే తెరుసుకోదు. తలుపు తీద్దారంటే... పిడేది?”

“ఏ పిడి?”

“తలుపుకి! లోపల! పిడేది?”

గణేశన్ వెనక్కి తిరిగి చూశాడు. తెరిచి ఉన్న తలుపు లోపలి ముఖం ఎండకి తళతళలాడుతోంది. నున్నటి రేకు. ఎక్కడా పిడి లేదు, గొళ్ళెం లేదు. బిగించిన నాటినుంచీ ఆయన దాన్ని బయటినుంచే మూసి మురిసిపోయాడు. లారీ నడిపినన్నాళ్ళూ ఏ చేపా లోపలినుంచి తలుపు తీయమని అడగలేదు మరి.

“మరిసిపోనాను,” అన్నాడు.

“బావా, అక్కని సేపనుకున్నావేటి?” అంది మలర్.

“సేపలు ఊపిరి పీల్చవు మావా,” అంది ఇందిర. “నాను పీలుస్తాను. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నీకది సెప్పాలేటి?”

ఆవిడ తిట్టి ఉంటే గణేశన్ తట్టుకునేవాడు. తిట్టలేదు. ఇందిర వెళ్ళి మలర్ కారులో కూర్చుంది, అద్దం పైకెత్తింది. కారు కొబ్బరి తోటల మధ్యనుంచి పోయింది. తినగరన్ మిగిలిన మంత్రాలు తొందరగా ముగించి, ఇంటి తలుపు వైపు ఓసారి జాగ్రత్తగా చూసి, బండెక్కాడు.

ఆ తరవాతి రోజులు గణేశన్‌కి అమ్మతో గడిచాయి. ఇంటికి సందులుండాలని తను మొదట్నుంచీ చెప్పానని నూకమ్మ పొద్దున చెప్పేది, మధ్యాహ్నం చెప్పేది. కిషేన్‌కి చెప్పేది, చేపలమ్మే మనిషికి చెప్పేది.

“నువ్వు సెప్పింది నిజమే అమ్మా, కన్నం కావాలి,” అని ఒప్పుకున్నాడు గణేశన్. “కానీ నువ్వు సెప్పిన కన్నంలోంచి గాలొస్తే పొగా వస్తాది. నాకు గాలొక్కటే రావాలి.”

ఆలోచించి ఆలోచించి మనసులో మళ్ళీ లారీ దగ్గరికే వెళ్ళాడు, ఈసారి వెనక పెట్టె వదిలి టైరు పట్టుకున్నాడు. టైరు నిండా గాలి కూరి ఉంటే, ముల్లు గుచ్చుకున్నా లోపలి గాలి బయటికి తన్నుతుంది, బయటి దుమ్ము లోపలికి రాదు. ఇంటిని కూడా అలా ఉబ్బించాలి. పొగని పట్టే దళసరి జల్లెడ గుండా గాలిని లాగి, ఫ్యానుతో లోపలికి తోయాలి. సొంత ఇంటికి కన్నం వేసే దొంగలా, ఎవరూ చూడని వేళ కలప కోసి, గోడకి చదరపు బెజ్జం పెట్టి, అందులో జల్లెడా ఫ్యానూ బిగించాడు. పసుపు తాడు కన్నంలోని బంకంతా గోకేసి, చెక్కబిరడా కొట్టాడు. తలుపు బార్లా తీసి, లోపల కంపు పోయేదాకా ఆరబెట్టాడు. రెండు కిటికీల అద్దాలు పీకి, రబ్బరు అంచుతో తెరుచుకునేలా మార్చాడు. తలుపుకి లోపల పిడి పెట్టాడు. పెట్టాక దాన్ని చూసి, అమ్మ ఎత్తుకి కాస్త కిందగా ఇంకోటి పెట్టాడు.

అన్నీ అయ్యాక ఇంట్లోకి వెళ్ళడం మానేశాడు.

జెరెబు వచ్చింది. పొద్దున లేచేసరికి కిషేన్ ఇల్లు కనబడలేదు, కిషేన్ దగ్గు మాత్రం వినబడింది. మధ్యాహ్నం ఇందిర ఫోన్ చేసింది.

“అక్కడెలగుంది?”

“బయటా, లోపలా?”

“లోపల.”

“తెలీదు. నాను ఎల్లట్లేదు. వరండాలో కూకుంటన్నాను.”

“ఎందుకు?”

“నా చెమట కంపు పట్టేస్తాదని. నీకు పడదని.”

అవతల నవ్వు మొదలై దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు గణేశన్‌కి నచ్చలేదు. సైబర్‌జయలో కూడా పొగే, మలర్ అపార్ట్‌మెంట్ అద్దాల పక్కన అంతా సందులేనని తరవాత తెలిసింది.

మర్నాడు కారు వచ్చింది. ఇందిర మాస్కుతో దిగింది. మొగుణ్ణి పలకరించలేదు. మెట్లెక్కి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. థప్. మీట కదిలింది, తలుపు తెరుచుకుంది. ఇందిర చెయ్యి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. థప్. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ థప్.

“ఏటి బావా, అక్క ఆడుకుంటందా?” అంది మలర్ కారులోంచి.

“ఆడుకోనీ.”

ఆ తరవాత తలుపు తెరుచుకోలేదు. గణేశన్ వరండాలో నిలబడ్డాడు. కళ్ళు మండుతున్నాయి. లోపల దగ్గుతోందా? ఈల వస్తోందా? గోడకి చెవి ఆనించాడు. ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతున్న సన్నటి వణుకు తప్ప గోడ ఒక్క ముక్క చెప్పలేదు. లోకంలో ఎవరి గోడైనా ఈ పాటికి ఏదో ఒకటి చెప్పి ఉండేది. ఇంత బాగా ఎవడు కట్టమన్నాడని తనని తాను తిట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, అద్దం మీద పొగ మసి. తుడవడానికి చొక్కా అంచు పట్టుకునేసరికి మీట తిరిగింది.

ఇందిర తల బయటపెట్టింది. మాస్కు లేదు.

“గంటనుంచి నిన్ను తిడతన్నాను లోపల. వినబడలేదా?”

“వినబడదు కదే.”

“అదే మరి! ఇంత కట్టి ఏటి లాబం, తిడితే మొగుడికి వినబడకపోతే?” ఆవిడ మాట మధ్యలో ఆగలేదు, ఈల వినబడలేదు. గణేశన్ చూస్తున్నది ఆ ఒక్కటే. “ఒలే మలర్! పెట్టె దింపు. సిన్నది కాదు, పెద్దది. నువ్వూ రా. అత్తని కూడా పిలు మావా, అక్కడ పాత ఇంట్లో దగ్గుతంది. బేగి రండి, గాలి పోతంది లా!”

నూకమ్మ ఇంట్లో అడుగుపెట్టనన్న సంగతి మరిచిపోయి, అందరికంటే ముందు మెట్లెక్కింది. మలర్ పెద్దపెట్టె ఈడ్చుకుంటూ ఎక్కింది. గణేశన్ గుమ్మంలో ఆగాడు.

“మరి నా కంపు?”

ఇందిర ముక్కు చిట్లించి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

“సొక్కా బయట ఇప్పేసి రా,” అంది.

గణేశన్ చొక్కా విప్పి వరండా కర్ర మీద పడేసి, బనీనుతో లోపలికి దూరాడు. ఆవిడే తలుపేసింది.